కరివేపాకు రెమ్మ ఏ డబ్బాలో?

పోయిన నెల ఈ శీర్షికలో వేసవి నీటి కొరత గురించి రాస్తూ, మా ఊరి సిటీ కౌన్సిల్‌కి పర్యావరణం మీద సలహాలిచ్చే సస్టైనబిలిటీ కమిషన్‌లో ఒక టర్ము వాలంటీరుగా పనిచేశానని మాటవరసకు అన్నాను. నీళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ కమిషన్ గురించి, చెత్త డబ్బాల గురించే. బే ఏరియా (కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) తెలుగిళ్లలో వంటింటి చెత్త మీద ఇన్ని తగాదాలు నడుస్తున్నాయని ఇప్పుడే తెలిసింది. ఇక్కడ ఇంటికి మూడు డబ్బాలు: పచ్చది తడి వ్యర్థాలకి, నీలం రీసైక్లింగుకి, నల్లది మిగతా చెత్తకి. ఒకావిడయితే "మా ఆయన పెరుగు డబ్బా కడగకుండా నీలం డబ్బాలో పడేస్తారు, మీరు రాస్తేనైనా వింటారు" అని రాశారు. అయ్యా, కడగండి.

మా ఊరి పేరు చెప్పను. చెబితే నేను విసిరే ప్రతి విసురూ ఆ ఆఫీసులో ఎవరో ఒకరికి తగులుతుంది, వాళ్ల ముఖం నేను మళ్లీ చూడాలి. చట్టాలు మాత్రం కాలిఫోర్నియా అంతటికీ వర్తించేవే చెబుతాను. ఏ వస్తువు ఏ డబ్బాలో అన్నదానికి చివరి మాట మీ ఊరి చెత్త కంపెనీ ఇచ్చే పట్టికదే.

*ప్రశ్న: కమిషన్ అంటున్నారు, మెంబర్లంటున్నారు. జీతమెంత? అధికారమేమిటి? రెండూ లేకపోతే ఎందుకు వెళ్లడం? — సన్నీవేల్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ సోదరుడు*

జీతం లేదు. అధికారం అంటారా, సలహా చెప్పే అధికారం ఉంది. ఊళ్లో ఉండేవాళ్ల దగ్గర అప్లికేషన్లు తీసుకుని, కౌన్సిల్ ఇంటర్వ్యూ చేసి, కొద్దిమందిని నియమిస్తుంది. నెలకో సాయంత్రం సిటీ హాల్లో కూర్చుంటారు. సిటీ ఉద్యోగి ఒకరు అజెండా తయారుచేస్తారు. చర్చించి, ఓటు వేసి, "ఇలా చేస్తే బాగుంటుంది" అని కౌన్సిల్‌కి సిఫారసు పంపుతారు. కౌన్సిల్ వింటే వింటుంది, లేకపోతే ఫైల్లో పెడుతుంది. మీ సన్నీవేల్‌లోనే సస్టైనబిలిటీ కమిషన్ ఉంది, ఫ్రీమాంట్‌లో ఉంది, శాన్ ఫ్రాన్సిస్కోలో పర్యావరణ కమిషన్ ఉంది. ఆఫీసు నుంచి ఇంటికి పోతూ ఒకసారి తొంగిచూడండి. ఖాళీ కుర్చీలు బోలెడుంటాయి.

ఎందుకు వెళ్లాలంటే, మా పార్కు సంగతి చెబుతాను. మా ఊరి పార్కులో పిక్నిక్ షెల్టర్లు అద్దెకిస్తారు. ఉగాది, వనభోజనాలు, పుట్టినరోజులు... ఆదివారం ఒక్కటీ ఖాళీ ఉండదు. మనమే కాదు, మెక్సికన్ కుటుంబాలు, ఫిలిప్పీన్ కుటుంబాలు, తిండి దగ్గర అందరం ఒకే జాతి. సాయంత్రానికి మిగిలిన పులిహోర, పుచ్చకాయ తొక్కలు, చికెన్ ఎముకలు అన్నీ నల్ల డబ్బాలోకే. పార్కులో పచ్చ డబ్బానే లేదు మరి. నేను ఈ మాట ఎత్తితే పార్కుల శాఖ "చెత్త మా సబ్జెక్టు కాదు" అంది. చెత్త చూసే విభాగం "డబ్బాలు కంపెనీవి, అదనంగా తెప్పిస్తే ఖర్చు" అంది. కంపెనీ మనిషి మీటింగుకి వచ్చి, చక్కటి స్లైడ్లు చూపించి, వెళ్లిపోయాడు. ఇలా నెలలు దొర్లాయి.

మాతోపాటు మెంబరుగా ఒక రిటైర్డ్ అకౌంటెంటు ఉండేవాడు. మీటింగులో నోరు విప్పడమే తక్కువ. ఒకరోజు సిటీకీ చెత్త కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం మొత్తం ప్రింటు తీసి, ఒక పేజీకి పసుపు చీటీ అంటించి తెచ్చాడు. పార్కులకీ, ఊరి కార్యక్రమాలకీ ఏడాదిలో ఇన్ని డబ్బాలు కంపెనీ ఉచితంగా ఇవ్వాలని అందులో రాసే ఉంది. సంతకాలైన రోజు నుంచీ ఉంది. అడిగినవాళ్లు లేరు. అడగనిదే అమ్మయినా పెట్టదు, కంపెనీ ఎందుకు పెడుతుంది? ఆ తర్వాత షెల్టర్ బుకింగ్ ఫారంలో "భోజనాలున్నాయా? ఎంతమంది?" అని ఒక గడి చేరింది. ఉన్నాయంటే శుక్రవారం నాటికి పచ్చ డబ్బా షెల్టర్ దగ్గర ఉంటుంది.

మా విప్లవమంతా అదే. వాతావరణం గురించి మేం చేసిన తీర్మానాలు ఇంకా చాలా ఉన్నాయి, వాటివల్ల ఏం ఒరిగిందో అడిగితే నేను నీళ్లు నములుతాను. అందుకే కమిషన్‌లో చేరాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ముందు ఆ ఒప్పందం చదవండి. మీ ఇంటి ముందు ఎన్ని డబ్బాలుండాలి, ఏ రోజు లారీ రావాలి, పాత సోఫా ఏడాదికి ఎన్నిసార్లు ఉచితంగా తీసుకెళ్లాలి, అన్నీ అందులోనే ఉంటాయి. సిటీ క్లర్కుని అడిగితే ఇస్తారు, అది పబ్లిక్ రికార్డు. నిద్ర పట్టనివాళ్లకి మందులా కూడా పనికొస్తుంది.

*ప్రశ్న: ఈ మధ్యే మా ఊరి కమిషన్‌లో చేరాను. ఏడుగురం. పని తొందరగా తెములుతుందని వాట్సాప్ గ్రూపు పెడదామంటే సిటీ ఉద్యోగి కంగారుపడిపోయింది. ఎందుకంత టెన్షన్? — డబ్లిన్ నుంచి ఒక కొత్త మెంబరు*

ఆవిడ కంగారుపడటం న్యాయమే. మనవాళ్లం ముగ్గురు కలిస్తే గ్రూపు పెడతాం, నాలుగో మనిషి వస్తే ఇంకో గ్రూపు పెడతాం. ఇక్కడ మాత్రం కుదరదు. కాలిఫోర్నియాలో 1953 నుంచీ బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. కమిషన్ పరిధిలోని విషయాన్ని మెంబర్లలో సగం కంటే ఎక్కువమంది కలిసి మాట్లాడుకోవాలంటే అది బహిరంగ సమావేశంలోనే జరగాలి. మామూలు మీటింగయితే అజెండా 72 గంటల ముందు జనం చూసే చోట అంటించాలి. మీరు ఏడుగురంటే నలుగురు కలిసినా అది మీటింగే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మీరు ఒకరికి ఫోన్ చేసి, ఆవిడ ఇంకొకరికి చేసి, ఆయన మరొకరికి చెప్పినా, విడివిడిగా మాట్లాడినట్టు కాదు. గొలుసుకట్టుగా మీటింగు పెట్టినట్టే లెక్క. 2021లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, కమిషన్ విషయం మీద తోటి మెంబరు ఫేస్‌బుక్‌లాంటి చోట బాహాటంగా పెట్టిన పోస్టుకి మీరు జవాబు రాయకూడదు. లైక్ కొట్టే బొటనవేలు బొమ్మ నొక్కడం కూడా జవాబు కిందే వస్తుంది. మొదట్లో నాకూ ఇది చాదస్తంగా అనిపించింది. కానీ మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో నిర్ణయాలన్నీ లిఫ్టు దగ్గరే అయిపోయి, మీటింగు ఉత్త తతంగంగా మిగలడం చూసినదాన్ని కాబట్టి, ఈ చాదస్తమే నయమనుకుంటాను.

పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుకోవచ్చు. వాటికి అజెండా అక్కర్లేదు.

*ప్రశ్న: నేను హెచ్-4 వీసాలో ఉన్నాను. సిటిజన్ కాకుండా ఇలాంటి కమిషన్లకు అప్లయి చేయొచ్చా? ఖాళీలున్నట్టు ఎలా తెలుస్తుంది? — మిల్పిటాస్ నుంచి ఒక చెల్లెలు*

చేయొచ్చమ్మా. 2019లో చేసిన ఎస్‌బీ 225 అనే చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండిన కాలిఫోర్నియా నివాసి ఎవరైనా, పౌరసత్వంతో గానీ వీసాతో గానీ సంబంధం లేకుండా, నియమించే పదవులకు అర్హులే. అయితే సొంత చార్టర్ (ఊరికి రాజ్యాంగం లాంటిది) ఉన్న కొన్ని ఊళ్లు "రిజిస్టర్డ్ ఓటరై ఉండాలి" అని రాసుకున్నాయి. అప్లికేషన్‌లో ఆ మాట కనబడితే వదిలేయకండి, సిటీ క్లర్కుకి ఈమెయిల్ రాసి అడగండి. ఇంకొకటి. కొన్ని కమిషన్లు మీటింగుకి ఇంత అని చిన్న మొత్తం ఇస్తాయి. పని చేసే అనుమతి లేనివాళ్లు దాన్ని ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని ఒకమాట అడగాలి.

ఖాళీల సంగతికొస్తే, ఏ కమిషన్‌లో ఎవరి టర్ము వచ్చే ఏడాది ముగుస్తుందో ప్రతి ఊరూ డిసెంబర్ 31లోగా జాబితా ప్రకటించాలి. మ్యాడీ యాక్ట్ అంటారు. ఎవరైనా మధ్యలో మానేస్తే 20 రోజుల్లోగా నోటీసు పెట్టాలి. ఈ జాబితా చూసేవాళ్లు ఎంత తక్కువంటే, మా ఊళ్లో ఒక సీటుకి ఒక్క అప్లికేషనే వచ్చిన రోజులున్నాయి. ఇంటర్వ్యూలో మీకు ఊరి గురించి ఏం తెలుసని అడుగుతారు. మీ వీధిలో లారీ ఎప్పుడొస్తుందో, పిల్లల బడిలో లంచ్ తర్వాత చెత్త ఎలా ఉంటుందో చెప్పండి. డిగ్రీల గురించి మాట్లాడేవాళ్లు ఎలాగూ ఉంటారు.

*ప్రశ్న: అమ్మాయి దగ్గరికి వచ్చాను. పూజ చేసిన పూలు, కొబ్బరి చిప్పలు, కరివేపాకు రెమ్మలు చెత్తలో వేయాలంటే మనసొప్పడం లేదు. అల్లుడు అన్నీ పచ్చ డబ్బాలో వేయమంటాడు. అమ్మాయేమో వాసనొస్తుంది వద్దంటుంది. — శాన్ రామన్ నుంచి ఒక అమ్మమ్మ*

అమ్మా, ఈసారికి అల్లుడిగారే గెలిచారు. పచ్చ డబ్బాలో వేసింది చెత్తలోకి పోయినట్టు కాదు. అది కంపోస్టు యార్డుకి వెళ్లి, ఎరువై, ఎవరి పొలానికో పార్కుకో చేరుతుంది. మన ఊళ్లో పూజ పూలు మొక్క మొదట్లో వేసేవాళ్లం కదా, అదే పని ఇక్కడ లారీ చేస్తుంది. దండయితే దారం, జరీ, ప్లాస్టిక్ ముత్యాలు తీసేయండి. కర్పూరం ప్యాకెట్టు నల్ల డబ్బాలోకి, అగరుబత్తి అట్టపెట్టె నీలం డబ్బాలోకి. కొబ్బరి చిప్ప మాత్రం ఊరిని బట్టి. చాలా చోట్ల తీసుకుంటారు, కొన్నిచోట్ల గట్టిగా ఉంటుందని వద్దంటారు. పట్టిక చూడమని అల్లుడిగారికే పురమాయించండి.

ఇక్కడి ప్రభుత్వానికి ఈ అరటి తొక్కల మీద ఇంత శ్రద్ధ ఎందుకని మీకు అనిపించవచ్చు. చెత్త గుట్టలో అడుగున పడిన తిండి గాలి తగలక కుళ్లి మీథేన్ వదులుతుంది. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఘాటు. అందుకని 2016లో ఎస్‌బీ 1383 అనే చట్టం చేశారు. 2022 జనవరి 1 నుంచి ప్రతి ఇంటికీ, ప్రతి అపార్ట్‌మెంటుకీ, ప్రతి హోటలుకీ తిండి వ్యర్థాలను విడిగా తీసుకెళ్లే ఏర్పాటు ఉండాలన్నారు. రంగులు కూడా నిర్ణయించారు: పచ్చది తడి వ్యర్థాలకి, నీలం రీసైక్లింగుకి, బూడిద రంగో నలుపో మిగతాదానికి. రంగులన్నీ మార్చుకోవడానికి 2036 దాకా గడువుంది కాబట్టి, పక్క ఊళ్లో అక్కగారింటికి వెళ్తే అక్కడ మూత రంగు వేరే ఉండొచ్చు. కంగారుపడకండి, మూత మీద బొమ్మలు చూడండి.

వాసన గురించి మీ అమ్మాయి అన్నదీ నిజమే. దానికి మందుంది. వంటింట్లో మూత గట్టిగా పడే చిన్న డబ్బా పెట్టి, అడుగున న్యూస్ పేపరు వేయండి. చేప ముక్కలు, చికెన్ ఎముకలు లాంటివి పాత కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టి, లారీ వచ్చే ముందు రాత్రి కవరు విప్పి పచ్చ డబ్బాలో వేయండి. కవరు మాత్రం వేయకండి. అప్పుడప్పుడు సిటీ తరఫు మనుషులు వీధిలో తిరుగుతూ మూతలు ఎత్తి చూస్తారు. ప్లాస్టిక్ కవరు కనిపిస్తే డబ్బాకి ఒక ట్యాగు తగిలించి పోతారు. నేనూ వాళ్లతో ఒక ఉదయం తిరిగాను. ఒక ఇంటి పచ్చ డబ్బాలో నవనవలాడే కరివేపాకు రెమ్మలు, నమిలిన ములక్కాడ పిప్పి, వాటి పైన ముడి వేసిన ఇండియన్ స్టోర్ కవరు. తలుపు మీద మామిడి తోరణం ఉందో లేదో చూడక్కర్లేకపోయింది.

ములక్కాడ అంటే గుర్తొచ్చింది. సింకు కింద గ్రైండరుంది కదా అని అందులో తోసేయకండి. ములక్కాడ పీచు, కరివేపాకు ఈనెలు దాని పళ్లకి చుట్టుకుంటాయి, అన్నం పైపులో ఉబ్బి కూర్చుంటుంది. ఇక్కడ ప్లంబరు మీ గుమ్మం తొక్కినందుకే బిల్లు వేస్తాడు.

*ప్రశ్న: మా తెలుగు సంఘం పండగలకి మూడొందలమంది వస్తారు. పేపరు ప్లేట్లే వాడుతున్నాం, అయినా చెత్త కంపెనీ పచ్చ డబ్బా తీసుకోనంటోంది. పేపరు కుళ్లదా? — ఫ్రీమాంట్ నుంచి ఒక కార్యవర్గ సభ్యుడు*

ఆ ప్లేటు ఒకటి తీసుకుని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. తర్వాత మెల్లగా చించండి. చిరిగిన అంచున పేపరు విడిపోతుంది, దాంతోపాటు పల్చటి పొర ఒకటి సాగుతూ వస్తుంది, వేలితో లాగితే ఇంకా సాగుతుంది. అదే ప్లాస్టిక్. సాంబారు కారకుండా ఆపేది అదే. నున్నగా మెరిసే ప్లేట్లు చాలావాటికి ఈ పూత ఉంటుంది. కాఫీ కప్పులకీ అంతే. కంపోస్టు యార్డులో పేపరు మట్టయిపోయినా, ఆ పొర ముక్కలై ఎరువులో కలిసిపోతుంది. రైతు ఎందుకు కొంటాడు?

చెరకు పిప్పితో చేసిన తెల్లటి ప్లేట్లు నయం. ఒకప్పుడు వాటికి నూనె అంటకుండా పీఎఫ్ఏఎస్ అనే, ఏళ్లు గడిచినా నశించని రసాయనాలు కలిపేవారు. మొక్కల పీచుతో చేసిన ఆహార ప్యాకేజింగులో వాటిని కాలిఫోర్నియా 2023 జనవరి నుంచి నిషేధించింది. అయినా కొనే ముందు మీ చెత్త కంపెనీకి ఫోన్ చేసి, ప్లేటు పేరు చెప్పి అడగండి. "కంపోస్టబుల్" అని రాసిన ప్లాస్టిక్ చెంచాల్ని మాత్రం నమ్మకండి. చాలా యార్డుల్లో అవి ఎరువు తయారయ్యేలోపు కరగవు, జల్లెడలో తేలతాయి, తీసి పారేస్తారు. మీరు మూడింతలు డబ్బు పోసి కొన్నదానికి ఫలితం ఇది.

అరటాకు వేస్తే ఏ పేచీ లేదు, ఆకు, అన్నం, ఎముక అన్నీ కలిపి పచ్చ డబ్బాలోకే. ధరే గుండె గుభేల్‌మనిపిస్తుంది. "ఇంటి నుంచి కంచం తెచ్చుకోండి" అని ఆహ్వానపత్రిక మీద వేయాలని కూడా చాలామందికి ఉంటుంది. మా సంఘం వేసింది. తెచ్చినవాళ్లు కార్యవర్గం, కార్యవర్గం తల్లిదండ్రులు. కాబట్టి నా సలహా, కంచాల జోలికి ఇప్పుడే పోకండి, నీళ్ల సీసాలతో మొదలుపెట్టండి. పెద్ద డ్రమ్ము, స్టీలు గ్లాసులు, కడగడానికి ఇద్దరు కుర్రాళ్లు. మన గుళ్లలో స్టీలు గ్లాసు ఎవరికీ కొత్త కాదు, గొణగరు. అలా సీసాల గుట్ట మొత్తం మాయమవుతుంది.

కేటరింగు అల్యూమినియం ట్రేలు కడిగి ఒకదాంట్లో ఒకటి పెట్టి నీలం డబ్బాలో వేయండి. అల్యూమినియం నిజంగా మళ్లీ అల్యూమినియం అవుతుంది. డబ్బాల దగ్గర బోర్డు మీద మాటలు రాయకండి, ఎవరూ చదవరు. ఆ రోజు వాడే ప్లేటు, చెంచా, కప్పు తెచ్చి బోర్డుకి అతికించి, ఏది ఎక్కడికో బాణం గీయండి. పక్కన మాటకారి మనిషిని నిలబెట్టండి. మా సంఘంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు నిలబడ్డారు. ఆయన చూపు చాలు, ఎవరి చెంచా వాళ్లు వెనక్కి తీసుకున్నారు.

మూత తీయని ట్రేలు మిగిలితే పారేయకండి. మంచి మనసుతో ఇచ్చిన తిండి గురించి దాతని కోర్టుకి లాగకుండా 1996 నాటి ఫెడరల్ చట్టం కాపాడుతుంది. ముందే ఒక ఫుడ్ ప్యాంట్రీతో (లేనివాళ్లకి ఉచితంగా తిండి పంచే చోటు) మాట్లాడిపెట్టుకోండి, రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. వడ్డన గరిటె పెట్టిన ట్రే మాత్రం వాళ్లు తీసుకోరు, అది ఇళ్లకి పంచుకోవాల్సిందే.

*ప్రశ్న: మనం మూడుగా విడదీస్తాం, వాళ్లు ఒకే లారీలో పోసుకుపోతారు. నా కళ్లతో చూశాను. అంతా మోసం కాదా? — శాన్ హోసే నుంచి ఒక అనుమానపు పెద్దాయన*

బాబాయిగారూ, చూసింది నిజమే అయ్యుండొచ్చు. కొన్ని లారీలకి లోపల మధ్యలో గోడ ఉంటుంది, రెండు గదులు. బయటికి ఒకే లారీ. వెనక తలుపు దగ్గర నిలబడి చూస్తే గీత కనబడుతుంది. ఈసారి డ్రైవరుని పలకరించి చూడండి, సంతోషంగా చూపిస్తారు. వాళ్లతో మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు.

అయితే మీ అనుమానం పూర్తిగా తప్పని నేను అనను. అమెరికా చాలా ఏళ్లు తన పాత ప్లాస్టిక్‌ని, కాగితాన్ని ఓడలకెత్తి చైనా పంపింది. 2018 జనవరిలో చైనా 24 రకాల తుక్కు దిగుమతిని నిషేధించి, మిగతావాటిలో కలుషితం అర శాతం దాటకూడదంది. కడగని పెరుగు డబ్బాలున్న తుక్కు మూటలో అర శాతం ఎక్కడ? ఒక్కసారిగా గోడౌన్లు నిండిపోయాయి. అట్టపెట్టెలు, డబ్బా టిన్నులు, గాజు, నీళ్ల సీసాలు, పాల గ్యాలన్ డబ్బాలు, వీటికి ఇప్పటికీ కొనేవాళ్లున్నారు. పల్చటి టేక్‌అవుట్ డబ్బాలు, కవర్లు, రకరకాల ప్లాస్టిక్కులకి లేరు. త్రికోణం బాణాల గుర్తు ఉంటే చాలు రీసైకిల్ అవుతుందన్నది అపోహ. లోపలి అంకె ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, అంతే. నిజంగా రీసైకిల్ కానివాటిపై ఆ గుర్తు వేయకూడదని కాలిఫోర్నియా 2021లో చట్టం చేయాల్సొచ్చింది.

అనుమానం ఉంచుకోండి, అదే అనుమానంతో కొట్టుకి వెళ్లినప్పుడు డబ్బా తిప్పి చూడండి.

*ప్రశ్నలు: బియ్యం బస్తాలు? పిజ్జా పెట్టె? పాత సెల్‌ఫోన్ బ్యాటరీలు? — చాలామంది*

సోనామసూరి బస్తా నీలం డబ్బాలో వద్దు, ఆ అల్లిక దారాలు మిషన్లో చుట్టుకుంటాయి. పెరట్లో ఎండుటాకులు ఎత్తడానికి వాడుకోండి, చిరిగాక నల్ల డబ్బా. నూనె అంటిన పిజ్జా పెట్టె చాలా ఊళ్లలో పచ్చ డబ్బా, శుభ్రంగా ఉంటే నీలం.

బ్యాటరీలు ఏ డబ్బాలోనూ వేయకండి. కాలిఫోర్నియాలో 2006 నుంచీ ఇంటి చెత్తలో బ్యాటరీలు వేయడం చట్టవిరుద్ధం. లారీలో నొక్కినప్పుడు లిథియం బ్యాటరీ పగిలితే మంటలంటుకుంటాయి. డ్రైవరు ఆ మండే చెత్తని నడిరోడ్డు మీదే కుమ్మరించాల్సి వస్తుంది. పాట పాడే గ్రీటింగు కార్డులోనూ, లైటు వెలిగే పిల్లల బూట్లలోనూ బ్యాటరీ ఉంటుందని మరిచిపోకండి. కౌంటీ హానికర వ్యర్థాల కేంద్రంలో తీసుకుంటారు. గారెలు వేయించగా మిగిలిన నూనె కూడా చాలా కేంద్రాలు తీసుకుంటాయి.

*ప్రశ్న: మా అబ్బాయి పదకొండో తరగతి. కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందని ఈ కమిషన్‌లో పెట్టాలనుకుంటున్నాం. — కూపర్టినో నుంచి ఒక తల్లి*

అబ్బాయి అనుకుంటున్నాడా, మీరా?

*ప్రశ్న: ఇదంతా అక్కడి కథ. మా ఖమ్మంలో ఇలాంటిదేమైనా ఉందా? — విదేశంలో పిల్లలున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి*

కాగితం మీద చూస్తే మీ దగ్గరే ఎక్కువుంది అన్నయ్యగారూ. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు పెట్టమంది: యువకులకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖులకొకటి, ఒక్కోదానిలో 15 మంది. అంటే ఒక్క వార్డుకే అరవైమంది. మా ఊరు మొత్తానికి ఉన్న మా కమిషన్‌లో దానికి పదో వంతైనా లేరు. మీ వయసుకి తగిన కమిటీ కూడా ఉందన్నమాట. మీ వార్డులో ఆ పదిహేనుమంది పేర్లేమిటో, ఈమధ్య ఎప్పుడు కూర్చున్నారో కార్పొరేటరుని అడగండి. ఆయన తడబడితే, మున్సిపల్ ఆఫీసులో సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టండి.

ఇంకొక ఆయుధం కూడా ఉంది. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే తడి, పొడి, హానికర చెత్త విడదీయడం ఇంటివాళ్ల బాధ్యత అని రాశారు. రోజుకి వంద కిలోలు దాటి చెత్త వచ్చే హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, పెద్ద అపార్ట్‌మెంట్లని వేరే కోవలో పెట్టారు. మీ వీధి చివర ఫంక్షన్ హాలుంటే, పెళ్లి మర్నాడు పొద్దున్నే వెనక గేటు దగ్గరికి వెళ్లి ఒక ఫోటో తీయండి. ఆరోగ్య విభాగం వాళ్లతో మాట మొదలుపెట్టడానికి ఉపన్యాసం కంటే అది బాగా పనిచేస్తుంది.

*ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో పచ్చ డబ్బానే పెట్టలేదు. కమిషన్‌లో చెప్పుకుందామంటే నా ఇంగ్లీషు అంతంత మాత్రం, మైకు చూస్తే కాళ్లు వణుకుతాయి. — హేవర్డ్ నుంచి ఒక గృహిణి*

తప్పకుండా వెళ్లండి. అపార్ట్‌మెంటు యజమాని పచ్చ డబ్బా ఏర్పాటు చేయాల్సిందే, చట్టం మీ పక్షాన ఉంది. అజెండాలో లేని విషయమైనా, కమిషన్ పరిధిలోది అయితే మాట్లాడటానికి మీటింగులో జనానికి విడిగా సమయం ఉంటుంది. పేరు రాయమని చీటీ ఇస్తారు, రాయడం మీ ఇష్టం, రాయకపోయినా మాట్లాడనివ్వాలి. సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. మెంబర్లు అక్కడికక్కడ జవాబు చెప్పకపోతే చిన్నబుచ్చుకోకండి, అజెండాలో లేనిది చర్చించడానికి వాళ్లకి వీల్లేదు. రాసుకుంటారు.

ఇక ఇంగ్లీషు సంగతి. తెలుగులోనే మాట్లాడండి, మీ అమ్మాయో పక్కింటి కుర్రాడో పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతారు. అనువాదకుడితో మాట్లాడేవాళ్లకి రెట్టింపు సమయం ఇవ్వాలని 2016లో చట్టం చేశారు. మూడు నిమిషాలకి ఆరు. నేనున్న టర్ములో స్పానిష్‌లో మాట్లాడినవాళ్లున్నారు, చైనీస్‌లో మాట్లాడినవాళ్లున్నారు. తెలుగులో ఒక్కరూ రాలేదు. మీరు వెళ్లేటప్పుడు అపార్ట్‌మెంటు చెత్త గది ఫోటో ఒకటి, చిరునామా, మేనేజరుకి మీరు రాసిన ఈమెయిల్ కాపీ తీసుకెళ్లి సిటీ ఉద్యోగి చేతికివ్వండి. మొదటి వాక్యంలోనే "మా బిల్డింగుకి పచ్చ డబ్బా కావాలి" అనండి. నమస్కారాలూ కృతజ్ఞతలూ మిగతా అయిదున్నర నిమిషాల్లో చెప్పుకోవచ్చు.